సెకండ్‌హ్యాండ్ బేస్ గిటార్ కొంటున్నారా? నకిలీని ఇలా పట్టుకోండి

మా అనంతపురంలో బేస్ గిటార్ కావాలంటే షాపుకెళ్లి నాలుగైదు వాయించి చూసి నచ్చింది తెచ్చుకునే వీలు తక్కువ. చర్చిలో వాయించే పిల్లలైనా, పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా కట్టేవాళ్లైనా ఫోన్‌లో యాడ్ చూసుకుని బెంగళూరు బస్సెక్కుతారు. కర్నూలు వాళ్లు హైదరాబాదు వైపు, కడప వాళ్లు చెన్నై వైపు పోతారు. రెండు వందల కిలోమీటర్లు పోయిన మనిషికి ఖాళీ చేతులతో వెనక్కి రావాలంటే మనసొప్పదు, అమ్మేవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

ఆరేళ్ల కిందట మా చర్చి యూత్ పిల్లలు ఏడాదంతా కూడబెట్టిన 28 వేలు నా చేతిలో పెట్టి "అన్నా, నువ్వే చూసి తీసుకురా" అన్నారు. నేను తెచ్చింది హెడ్‌స్టాక్ (గిటార్ తలభాగం) మీద ఫెండర్ అనే అమెరికా కంపెనీ పేరున్న జాజ్ బేస్, అది వాళ్ల పేరుమోసిన మోడల్. "అమెరికాది బ్రదర్, మా మామ ఫారిన్ నుంచి తెచ్చినాడు" అన్నాడు అమ్మినతను. మూడో ఆదివారం వాల్యూమ్ నాబ్ గరగరలాడుతోందని కింది రేకు విప్పితే లోపల పొరలు పొరలుగా ప్లైవుడ్ కనిపించింది. ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. పిల్లలకు ఆ మాట చెప్పాల్సి వచ్చిన సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ రోజు నేను పేరు చూసి ఆగిపోయాను, పేరుకు తగ్గట్టు మిగతాది ఉందో లేదో చూడలేదు. నకిలీ చేసేవాడికి అన్నిటికంటే సులువైన పని ఆ పేరు అంటించడమే. నీళ్లలో తడిపి అంటించి పైన లక్కర్ కొట్టేస్తే మామూలు కంటికి తేడా దొరకదు. వాడు డబ్బు మిగుల్చుకునేది చెక్కలో, వైరింగ్‌లో, కొలతల్లో. కాబట్టి మీరు ముందుగా అమ్మేవాడి చేత పూర్తి మాట చెప్పించండి, అంటే ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ దేశంలో తయారైంది, ఏ సంవత్సరం అన్నది. తర్వాత ఆ మాటకు గిటార్ ఒప్పుకుంటుందో లేదో ఒక్కొక్కటే చూడండి. నకిలీ ఎక్కడో ఒకచోట తన సొంత కథకే అడ్డం తిరుగుతుంది.

మొదలుపెట్టేముందు మన దగ్గర చాలామందికి ఉన్న రెండు అపోహలు తీసేసుకోవాలి.

ఒకటి, చైనాదో ఇండోనేషియాదో అయితే నకిలీ అనుకోవడం. అది పొరపాటు. స్క్వైర్ అనేది ఫెండర్ వాళ్ల సొంత చవక బ్రాండే, అది తయారయ్యేది ఎక్కువగా ఇండోనేషియా, చైనాల్లోనే. ఫెండర్ పేరుతో వచ్చేవి కూడా అమెరికాతో పాటు మెక్సికోలో, జపాన్‌లో తయారవుతాయి. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఐబనెజ్ జీఎస్‌ఆర్ బేస్‌లు చాలావరకు ఇండోనేషియావే. మంచి స్క్వైర్‌ను స్క్వైర్ ధరకు కొంటే అందులో మోసం ఏమీ లేదు, నా దృష్టిలో కొత్తగా నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి బేరం కూడా లేదు.

రెండోది, ఆకారం ఒకటే అయితే నకిలీ అనుకోవడం. జాజ్ బేస్ ఆకారంలో ఎన్నో కంపెనీలు తమ సొంత పేరుతో బేస్‌లు అమ్ముతాయి. ఆ బాడీ ఆకారాల మీద ట్రేడ్‌మార్క్ కావాలని ఫెండర్ అడిగితే 2009లో అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు కుదరదంది. తన పేరు తను పెట్టుకుని అమ్మితే అది కాపీ మాత్రమే, దాని ధర దానికి ఉంటుంది. వేరేవాళ్ల పేరు అంటించుకుంటేనే నకిలీ. ఇవి రెండూ కాక మూడో రకం ఒకటి ఉంది, అదే మనకు ఎక్కువ తగిలేది. బాడీ ఒకచోటిది, నెక్ (పొడవాటి మెడ) ఇంకోచోటిది కలిపి హెడ్‌స్టాక్ మీద ఫెండర్ డీకాల్ (పేరున్న స్టికర్) వేసేస్తారు, లేదా స్క్వైర్ అని ఉన్నదాన్ని గీకేసి ఫెండర్ అని అంటిస్తారు. వాయించడానికి అది బాగానే ఉండొచ్చు, కానీ మీరు లక్ష దాటే వస్తువు అనుకుని డబ్బు కడుతున్నారు.

బయలుదేరక ముందే, ఇంట్లో కూర్చుని

యాడ్‌లో ఉన్న ఫొటోలు చాలవు. హెడ్‌స్టాక్ ముందు వైపు, వెనక వైపు, సీరియల్ నంబర్ దగ్గరగా, వెనకాల నెక్ బాడీకి కలిసే చోట ఉన్న రేకు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు కూర్చునే చోటు), నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ), ఇవన్నీ పగటి వెలుతురులో తీసి పంపమనండి. ఒక ఫొటోలో గిటార్ పక్కన ఈ రోజు తేదీ రాసిన కాగితం పెట్టమని అడగండి, ఎందుకంటే వేరేవాళ్ల యాడ్ నుంచి ఫొటోలు ఎత్తేసి పెట్టేవాళ్లు ఉన్నారు. గిటార్ నిజంగా తన దగ్గర ఉన్నవాడికి ఇది రెండు నిమిషాల పని. విసుక్కుంటే అక్కడే ఆపేయండి, ఆ బస్సు చార్జీ మిగిలినట్టే.

సీరియల్ నంబర్ వచ్చాక దాన్ని యథాతథంగా నెట్‌లో వెతకండి. నకిలీ చేసేవాళ్లు ఒకే నంబర్‌ను వందల గిటార్లకు వేసేస్తారు, అందుకని అదే నంబర్‌తో వేరే రంగువి, వేరే దేశాల్లో అమ్మినవి బయటపడుతుంటాయి. ఆ తర్వాత నంబర్ మొదట్లో ఉన్న అక్షరాలు చూడండి. ఫెండర్‌కు సుమారు 2010 నుంచి ఈ పద్ధతి తేలిక: యూఎస్ అని మొదలై తర్వాత రెండంకెలు ఉంటే అమెరికాది, ఎంఎక్స్ అని మొదలైతే మెక్సికోది, ఆ రెండంకెలు సంవత్సరం. ఎంఎక్స్ 15 అని మొదలైతే 2015 మెక్సికో అన్నమాట. దాన్నే "2015 అమెరికన్" అని చెబుతున్నాడంటే అతనికి తెలియకపోవడం అయినా కావాలి, మీకు తెలియదనుకోవడం అయినా కావాలి. ఐసీఎస్ అని మొదలయ్యేది ఇండోనేషియాలో చేసిన స్క్వైర్ నంబర్, చివరి ఎస్ అంటే స్క్వైరే. ఆ నంబర్ వెనక ఉండి ముందు స్క్వైర్ అని లేకుండా ఫెండర్ అని మాత్రమే ఉంటే ఇంక ఆలోచించాల్సిన పని లేదు, స్టికర్ మారింది.

ఫెండర్ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబర్ వెతికే పేజీ ఉంది, వాడుకోండి. కాకపోతే ఒక్క మాట. నంబర్ దొరికినంత మాత్రాన గిటార్ అసలుది అయిపోదు, అసలు గిటార్ నంబర్‌ను చూసి రాయడం ఎవరికైనా చేతనవుతుంది. అందుకే నంబర్ తేడా వస్తే వద్దనుకోండి, సరిపోతే మిగతావి చూడటానికి వెళ్లండి.

ధర సంగతి కూడా ఇక్కడే. ఆ మోడల్ కొత్తది ఈ రోజు ఎంతకు వస్తుందో చూసుకోండి. బాగా వాడిన గిటార్ సగం ధరకు రావడం వింత కాదు. లక్ష దాటే అమెరికన్ ఫెండర్ పాతిక వేలకు వస్తోందంటే మాత్రం మీ అదృష్టం అనుకోకండి. నేను అలాగే అనుకున్నాను.

సంచిలో వేసుకోవాల్సినవి

వడ్రంగి వాడే స్టీలు టేపు (దర్జీ టేపు సాగుతుంది, పనికిరాదు), ఒక స్టార్ స్క్రూడ్రైవర్, చిన్న టార్చ్, మీ సొంత కేబుల్, హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న యాంప్ ఉంటే అది, వీలైతే మల్టీమీటర్. వీలైతే మీకంటే అనుభవం ఉన్న బేస్ ప్లేయర్‌ను తోడు తీసుకెళ్లండి. బస్టాండులో, చీకటి పడ్డాక, పార్కింగ్‌లో నిలబడి కొనే బేరం ఒప్పుకోకండి. కరెంటు ప్లగ్గు ఉన్న గది కావాలని ముందే చెప్పండి.

చేతికి తీసుకున్నాక

ముందు వాయించకండి. వాయిస్తే మనసు పారేసుకుంటాం, తర్వాత కనిపించే లోపాలన్నిటికీ మనమే సర్దిచెప్పుకుంటాం. హెడ్‌స్టాక్‌ను వెలుతురులో పక్కకు వంచి చూడండి. డీకాల్ చుట్టూ గీకిన మచ్చలు, లక్కర్ ఒక్కచోట మాత్రమే కొత్తగా మెరవడం, అక్షరాలు వంకరగా కూర్చోవడం, ఇవి పేరు మార్చిన గుర్తులు. ఇంట్లోనే అదే మోడల్ అసలు ఫొటో ఫోన్‌లో దాచుకుని వెళ్లండి, అక్కడ పక్కపక్కన పెట్టి అక్షరాల వంపు, తీగలు బిగించే కీల మధ్య దూరం, హెడ్‌స్టాక్ అంచుల గుండ్రం పోల్చండి. జ్ఞాపకంతో పోల్చితే ప్రతి గిటారూ అసలుదిలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు టేపు తీయండి. జాజ్ బేస్‌కైనా ఫెండర్ వాళ్లదే ఇంకో మోడల్ ప్రెసిషన్ బేస్‌కైనా నట్ నుంచి తీగ కూర్చునే బ్రిడ్జ్ దాకా స్కేలు 34 అంగుళాలు. బ్రిడ్జ్ దగ్గర సరిచేసుకునే వీలుంటుంది కాబట్టి అక్కడ కొలిస్తే కచ్చితంగా తేలదు. నట్ నుంచి 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దాకా కొలవండి, అది సరిగ్గా సగం, 17 అంగుళాలు రావాలి. నట్ వెడల్పు జాజ్ బేస్‌కు 38 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ప్రెసిషన్‌కు అంతకంటే వెడల్పు ఉండటం మామూలు, అక్కడ మోడల్‌ను బట్టి మారుతుంది కనుక మీరు కొనే మోడల్ కొలత ముందే రాసుకోండి. మామూలు జాజ్, ప్రెసిషన్‌లకు ఫ్రెట్లు 20. కంపెనీ కొన్ని మోడళ్లకు 21 కూడా ఇచ్చింది, అందుకే అతను చెప్పిన మోడల్ పేరుతోనే సరిచూసుకోవాలి.

ఫ్రెట్ల చివర్లు వేలికి గుచ్చుకుంటున్నాయని మాత్రం నకిలీ అనెయ్యకండి. మన అనంతపురం లాంటి వాన తక్కువ ఊళ్లలో, మార్చి దాటాక గాలి ఎండిపోయి నెక్ చెక్క కొద్దిగా ముడుచుకుంటుంది, ఫ్రెట్ల లోహం ముడుచుకోదు, దాంతో ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి. చాలా ఖరీదైన అసలు గిటార్లకు కూడా ఇలా అవుతుంది, పని తెలిసినవాడు ఆకురాయితో ఒక పూటలో సరిచేస్తాడు. బేరంలో కాస్త తగ్గించమని అడగడానికి పనికొస్తుంది, అంతే.

విప్పి చూడటం

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అన్నిటికంటే ఎక్కువమంది మొహమాటపడి వదిలేసేదీ ఇదే. "అన్నా, ఒకసారి లోపల చూస్తా, మళ్లీ నేనే బిగిస్తా" అని అడగండి. అసలుదని నమ్మి అమ్మేవాడు కాస్త భయపడినా ఒప్పుకుంటాడు. "వారంటీ పోతుంది" అంటే పదేళ్ల నాటి గిటార్‌కు వారంటీ ఏమిటని అడగండి.

జాజ్ బేస్ అయితే సులువు. నాబ్‌లు ఉన్న రేకు వేరుగా ఉంటుంది, దాని స్క్రూలు తీసి జాగ్రత్తగా తిప్పి పెడితే చాలు, వైర్లు లాగకండి. ప్రెసిషన్ అయితే నాబ్‌లు పిక్‌గార్డ్ (బాడీ ముందు వైపు ఉండే పలక) మీదే ఉంటాయి కనుక తీగలు వదులు చేసి మొత్తం పిక్‌గార్డ్ విప్పాలి, స్క్రూలు ఎక్కువ, ఒక గిన్నెలో వేసుకోండి.

టార్చ్ వేసి ముందు చెక్క చూడండి. గుంత గోడల మీద అడ్డంగా పొరలు పొరలుగా గీతలుంటే అది ప్లైవుడ్. లోపల నల్ల రంగు వేసుంటే పొరలు కనబడవు, అప్పుడు స్క్రూ రంధ్రాల అంచుల్లో చూడండి. పాతకాలపు చవక స్క్వైర్లలో కొన్నిటికి ప్లైవుడ్ వాడారు, కాబట్టి స్క్వైర్ అని చెప్పి స్క్వైర్ ధర అడిగితే గొడవ లేదు. అమెరికన్ ఫెండర్ అని చెప్పినదానిలో ప్లైవుడ్ కనిపిస్తే రేకు బిగించేసి దణ్ణం పెట్టి వచ్చేయండి. ఆల్డర్, యాష్ లాంటి నిజమైన చెక్క అయితే గుంత గోడ మీద చెక్క గీత పైనుంచి కిందికి ఒకేలా సాగుతుంది, అంటించిన బిస్కెట్ పొరల్లా ఉండదు.

తర్వాత వాల్యూమ్, టోన్ పాట్‌లు, అంటే నాబ్‌ల కింద తిరిగే భాగాలు. అమెరికన్ ఫెండర్ మామూలు మోడళ్లలో ఉండేవి పెద్దవి, దాదాపు 24 మిల్లీమీటర్ల వెడల్పు, వాటి మీద సీటీఎస్ అనో అంకెలో ముద్రించి ఉండటం మామూలు. చవకవాటిలో ఉండేవి చిన్నవి, 16 మిల్లీమీటర్ల దగ్గర. పాత అమెరికన్ పాట్‌ల మీద 137 అని మొదలయ్యే అంకె ఉంటే, 137 అంటే సీటీఎస్ కంపెనీ, ఆ తర్వాతి అంకెలు తయారైన సంవత్సరం, వారం. 1377633 అంటే 1976వ సంవత్సరం 33వ వారం. 1972 గిటార్ అని చెప్పినదానిలో 1976 పాట్ ఉంటే అది తర్వాతెప్పుడో మార్చింది అయినా కావచ్చు, కాబట్టి ఎవరు మార్చారు, ఎందుకు అని అడగండి. సమాధానం తడబడితే ధర కూడా తడబడాలి.

సోల్డరింగ్ ముద్దలు ముద్దలుగా, వైర్లు మాడిపోయి ఉంటే అది ఎవరో మధ్యలో చేసిన రిపేరు కావచ్చు. అదొక్కటే పట్టుకుని తీర్పు ఇవ్వకండి.

అమ్మేవాడు ఒప్పుకుంటే నెక్ కూడా తీయండి. నాలుగు బోల్టులు ఉంటాయి, తీగలు పూర్తిగా వదులు చేశాకే విప్పాలి. నెక్ మడమ (బాడీలో కూర్చునే కొస) మీద తయారీ తేదీ ముద్రో పెన్సిల్ రాతో దొరకవచ్చు. ఒక్కోసారి అక్కడ ఫెండర్ లైసెన్సుతో తయారైందన్న ముద్ర ఉంటుంది. దాన్ని చూసి సంతోషపడకండి, అది వేరే కంపెనీ ఫెండర్ అనుమతితో చేసి విడిగా అమ్మే నెక్. దాని హెడ్‌స్టాక్ మీద ఫెండర్ పేరు ఉండకూడదు. ఉంటే తర్వాత ఎవరో అంటించారు.

అప్పుడు వాయించండి

యాంప్‌కు కలిపి ఏమీ వాయించకుండా వినండి. జాజ్ బేస్‌లో రెండు పికప్‌ల (తీగల కదలికను కరెంటుగా మార్చే భాగాలు) చుట్టలు, అయస్కాంతాలు ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి కనుక రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే బుయ్యిమనే హమ్ దాదాపు ఆగిపోవాలి, ఒకటి తగ్గించగానే మళ్లీ రావాలి. హమ్ రాని పికప్‌లు వేసిన మోడళ్లు కూడా ఉన్నాయి, వాటిలో ఎలా తిప్పినా రాదు. రెండూ తెరిచినా గట్టిగా మోగుతూనే ఉంటే పికప్‌లు జత కాదు, లేదా ఎర్తింగ్ తెగింది. ప్రెసిషన్‌లో ఉండే రెండు ముక్కల పికప్ తనంతట తానే హమ్‌ను ఆపుకుంటుంది. మల్టీమీటర్ ఉంటే కేబుల్ కొస దగ్గర పెట్టి చూడండి. జాజ్‌లో ఒక్క పికప్ మాత్రమే తెరిచి ఉంచితే 7, 8 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల, ప్రెసిషన్‌కు 10, 11 దగ్గర రావడం మామూలు. ఇది అసలుదని చెప్పే పరీక్ష కాదు, పికప్ బతికే ఉందని చెబుతుంది. తర్వాత ప్రతి ఫ్రెట్ మీద ప్రతి తీగ వాయించి చూడండి, తొందరపడకండి.

ఫెండర్ కాకుండా ఇంకో రెండు పేర్ల మీద నకిలీలు బాగా తిరుగుతున్నాయి. రికెన్‌బ్యాకర్ కంపెనీ తన గిటార్లన్నీ కాలిఫోర్నియాలోనే చేస్తుంది, దానికి చవక బ్రాండ్ లేదు. దాని 4001, 4003 బేస్‌లలో నెక్ చెక్క బాడీ చివరి దాకా ఒకటిగా సాగుతుంది. వెనక్కి తిప్పితే నెక్ దగ్గర బోల్టులు, రేకు కనిపించాయా, అది నకిలీ, అక్కడితో అయిపోయింది. స్కేలు కూడా 34 కాదు, 33 పావు. నాలుగు తీగల మ్యూజిక్‌మ్యాన్ స్టింగ్‌రే అయితే కీలు మూడు ఒకవైపు, ఒకటి మరోవైపు ఉంటాయి, లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉంటుంది. బ్యాటరీ తీసేసినా మోగుతూనే ఉంటే అది స్టింగ్‌రే సర్క్యూట్ కాదు. స్టెర్లింగ్ బై మ్యూజిక్‌మ్యాన్ అని హెడ్‌స్టాక్ మీద ఉంటే అది ఆ కంపెనీదే చవక రకం, నకిలీ కాదు, కానీ స్టింగ్‌రే ధర ఇవ్వకండి.

డబ్బు దగ్గర

చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు. "ఇంకొకరు వస్తున్నారు, రెండు వేలు వేయండి, పక్కన పెడతా" అంటే పెట్టనివ్వండి, పోతే పోనివ్వండి. ఫోన్‌పేలో డబ్బు మీకు రావడానికి ఎప్పుడూ పిన్ కొట్టనక్కర్లేదు, పిన్ అడిగారంటే మీ డబ్బు పోతోందని అర్థం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

కొనేటప్పుడు తెల్లకాగితం మీదైనా రాయించుకోండి: మోడల్, దేశం, సంవత్సరం, సీరియల్ నంబర్, ధర, "ఇది అసలుది, కాదని తేలితే డబ్బు వెనక్కి ఇస్తాను" అన్న మాట, సంతకం, తేదీ. వాట్సాప్‌లో అదే మాట అతని చేత పెట్టించినా సరే. మోసం చేయాలనుకున్నవాడు చాలాసార్లు ఈ కాగితం దగ్గరే వెనక్కి తగ్గుతాడు. తప్పుడు ట్రేడ్‌మార్క్ ఉన్న వస్తువు అమ్మితే 1999 ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఈ సంగతి కోపంతో కాకుండా మామూలుగా చెప్పినా పని చేస్తుంది.

ఇప్పటికే మీ చేతిలో నకిలీ ఉందా? దాన్ని అసలుదని చెప్పి ఇంకో ఊరి పిల్లల చేతిలో పెట్టకండి. నేను ఆ 28 వేల బేస్ హెడ్‌స్టాక్ మీది పేరును సన్నటి గరుకు కాగితంతో రుద్దేసి, పాట్‌లు మార్చి, యాక్షన్ (నెక్ మీద తీగల ఎత్తు) సరిచేయించాను. పిల్లల డబ్బు నెలకు కొంత చొప్పున నేనే తిరిగి కట్టాను. వాళ్లు తర్వాత ఒక స్క్వైర్ కొన్నారు, ఈసారి రేకు విప్పి చూసింది వాళ్లే, నేను టార్చ్ పట్టుకున్నాను. పేరు లేని ఆ ప్లైవుడ్ బేస్ మీద ఇప్పుడు ఇద్దరు తమ్ముళ్లు శనివారం సాయంత్రాలు నేర్చుకుంటున్నారు.